మేడం జవాబు

నాచారం,
2011 డిసెంబరు 11, ఆదివారం

అన్నకూ వదినకూ సూర్యకళ నమస్కారాలు.

వదిన పంపిన అనపకాయలు అందాయి. ఉప్పల్ డిపోలో మీ ఊరి బస్సు కండక్టరు దగ్గరికి మా ఆయనే వెళ్లి తెచ్చారు. సగం వండాను, సగం పక్కింటివాళ్లకు ఇచ్చాను. నువ్వు చెవి మిషను పెట్టుకుంటున్నావా, మళ్లీ డబ్బాలో పెట్టేశావా? ఫోనులో మెసేజీ పెడదామంటే ఇంగ్లీషు అక్షరాల తెలుగు నీకు చికాకు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఈ వారం నీతో మాట్లాడలేకపోవడం నాకు చాలా కష్టంగా ఉంది.

శుక్రవారం మా డిపార్టుమెంటు హెడ్ కామరాజు సార్ పిలిచి తలుపు వేసి కూర్చోబెట్టారు. ప్రతి ఏడాదీ డిసెంబరులో పిల్లలు మా పాఠాల మీద అభిప్రాయం రాసి ఇస్తారని నీకు ఇదివరకు చెప్పాను. ఐదుకు ఇన్ని మార్కులని మాకు వేస్తారు. పన్నెండేళ్లలో నాకు నాలుగుకు తగ్గింది లేదు. ఈసారి నా న్యూమరికల్ మెథడ్స్ లెక్కల క్లాసులో యాభై ఎనిమిది మంది రాశారు. 'సబ్జెక్టు పరిజ్ఞానం' అన్నచోట నాకు వచ్చింది ఒకటి పాయింట్ ఆరు. క్లాసుకు టైముకు వస్తుంది అన్నచోట మాత్రం నాలుగు పాయింట్ ఎనిమిది.

సార్ ఫారాల కట్ట నా ముందుకు తోశారు. ఒక్కొక్కటే చదివాను అన్నా. "మేడం నోట్సు బట్టీ పట్టండి, ఆలోచించకండి" అని ఒకరు. "మేడంను ప్రశ్న అడగకూడదు" అని ఒకరు. వీటిని తట్టుకున్నాను. కానీ పదకొండు ఫారాల మీద, పదకొండు వేర్వేరు చేతిరాతల్లో, ఒకే మాట ఉంది: "ఈ మేడం పేపరుకు డిగ్రీ చాలు."

నాకు పీహెచ్‌డీ లేదన్న సంగతి వాళ్లకు తెలుసు. పక్క సెక్షనుకు చెప్పే అమ్మాయి కొత్తగా డాక్టరేటు చేసి వచ్చింది. ఎమ్మెస్సీ చేసిన నన్ను ఇంతమాట అన్నారు. సకల జనుల సమ్మెలో నలభై రోజులు పాఠాలు ఆగిపోతే, నవంబరంతా ఆదివారాలు కూడా వెళ్లి ఆగిన సిలబస్ పూర్తిచేశాను. దానికి ఇది.

ఇంతకుముందు ఫారం మీద రోల్ నంబరు రాసేవాళ్లట. ఈ ఏడాదే తీసేశారట. "అందుకే ధైర్యం వచ్చింది," అన్నారు సార్. అంటే ఇన్నేళ్ల నా నాలుగులన్నీ భయంతో వేసినవా? ఆ మాట నాలుగేళ్ల కిందటి సీనియర్ ఎవరో మొదలుపెట్టాడని అటెండర్ విన్నాడట.

రెండు రోజులుగా అన్నం సహించడం లేదు. నువ్వు ఏదైనా రాయి.

నీ చెల్లెలు
సూర్యకళ

*

ఆలేరు,
16-12-2011

చెల్లె సూర్యకళకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి మీ వదినకు వినిపించాను. మల్లవ్వ శాపనార్థాలు పెట్టింది. అవి రాయను.

డిగ్రీ చాలట. మన ఇంటిపేరులో ఎమ్మెస్సీ పాసైన మొదటి మనిషివి నువ్వు. ఉస్మానియాలో నీకు సీటొచ్చిన రోజు నేను ఫ్యాక్టరీలో రేకులు కొట్టే ప్రెస్ షాపులో సెకండ్ షిఫ్టు చేస్తూ పక్కవాడికి నాలుగుసార్లు చెప్పాను. ఆ మోతలో వాడికి వినపడలేదు, అయినా చెప్పాను. అలాంటి నిన్ను నిన్నగాక మొన్న పుట్టిన పిల్లలు అంటారా? ఫికర్ చేయకు. షాపులో కూడా గట్టి ఫోర్‌మన్ అంటే ఎవరికీ పడదు. కొలత దగ్గర రాజీ పడనివాడికి శత్రువులే ఎక్కువ.

నీ నిజాయితీ సంగతి నాకంటే ఎవరికి తెలుసు? నీ మేనల్లుడని కూడా చూడకుండా మా జీవన్‌ను ఫెయిల్ చేసినదానివి. వాడు చదువు మానేసి మిషను మీద నిలబడ్డా నేను నిన్ను ఒక్క మాట అనలేదు. ఎందుకంటే తప్పు వాడిది. నేను నాలుగేళ్లుగా చెప్పుకోవడానికి అదొక్కటే గర్వం, మా చెల్లె సొంత మనిషికి కూడా మార్కు కలపదు అని.

నాలుగేళ్ల కిందటి సీనియర్ అని రాశావు. అది చదివినప్పటి నుంచి నాకొక అనుమానం. జీవన్ నీ ఇంటి గడప తొక్కక నాలుగేళ్లయింది కదా. వాడి రూములో ఉండే ఒకడి తమ్ముడు మీ కాలేజీలోనే చదువుతున్నాడని మల్లవ్వ చెప్పింది. దాని సంగతి నేను చూసుకుంటాను. నువ్వు కడుపునిండా తిను.

ఇక్కడ చలి బాగా ఉంది. చెవి మిషను పెట్టుకుంటే ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు, అందుకే డబ్బాలో ఉంది.

నీ అన్న
బుచ్చిరాములు

*

నాచారం,
2011 డిసెంబరు 21

అన్నా,

నీ ఉత్తరం నిన్న అందింది. నీ అనుమానంతో ఏమీ చేయకు. ఈ ఉత్తరం చేరేదాకా ఎవరినీ ఏమీ అనకు. ముందు ఆ మాట రాసి, తర్వాత మిగతాది రాస్తున్నాను.

సోమవారం మధ్యాహ్నం ఆమని అని ఒక అమ్మాయి నా గదికి వచ్చింది. తెనాలి పిల్ల, క్లాసులో వెనక బెంచీ. తలుపు దగ్గరే నిలబడి, "ఆ పదకొండులో ఒకటి నాదండి. మీరు వారం రోజులుగా క్లాసులో మాట్లాడటం లేదు, చూడలేక వచ్చాను," అంది.

"నాకు పీహెచ్‌డీ లేదనేగా మీ బాధ," అన్నాను.

ఆ పిల్ల నా ముఖం వైపు వింతగా చూసింది. "పీహెచ్‌డీ ఏంటి మేడం? మేం రాసింది క్యాలిక్యులేటర్ గురించండి."

తన క్యాలిక్యులేటర్ తీసి నా బల్ల మీద పెట్టింది. నా నోట్సులో మూడో యూనిట్‌లో కాస్ ఉన్న ఒక సమీకరణం ఉంది. దాని జవాబు 0.6666 అని రాసి ఉంది. ఆ అమ్మాయి ఒక మీట నొక్కి మళ్లీ చేసింది. 0.6071 వచ్చింది.

నీకు అర్థమయ్యేలా చెప్తాను. కోణానికి రెండు కొలతలున్నాయి, డిగ్రీలు, రేడియన్లు. ఇలాంటి లెక్కలు రేడియన్లలోనే చేయాలి. క్యాలిక్యులేటర్ కొన్నప్పుడు డిగ్రీల్లో ఉంటుంది, మనమే మార్చుకోవాలి. నేను 2006లో కొత్తది కొన్నాను. మార్చలేదు. అంగుళాల టేపుతో కొలిచి సెంటీమీటర్లని రాసినట్టు. ఆ జవాబే నోట్సులో పెట్టాను. అలాంటి లెక్కే ప్రతి ఏడాదీ పరీక్షలో ఇచ్చాను. ఆ కొలతతోనే పేపర్లు దిద్దాను. మాది యూనివర్సిటీ కాలేజీ, ప్రశ్న ఇచ్చేదీ నేనే, దిద్దేదీ నేనే.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?" అన్నాను.

"మొదట్నుంచీ అండి. మాకు సీనియర్లు చెప్పారు, వాళ్లకు వాళ్ల సీనియర్లు. హాల్లోకి వెళ్లేముందు ఒకళ్లకొకళ్లు గుర్తు చేసుకుంటాం, మేడం పేపరుకు డిగ్రీ చాలు అని. బయటికి రాగానే మళ్లీ మార్చుకుంటాం. తర్వాతి రోజు వేరే పేపరు ఉంటుంది కదండి."

"తప్పని తెలిసీ రాశారా? అందరూ?"

"మార్కులు పడతాయి కదండి."

"నాతో ఒక్కరైనా ఎందుకు చెప్పలేదు?"

ఆమని తన క్యాలిక్యులేటర్ సంచీలో పెట్టుకుంది. "ఎవరో ఒకాయన చెప్పాడటండి. ఆయన మూడుసార్లు ఫెయిలయ్యాడట. అప్పట్నుంచి ఎవరూ చెప్పలేదు."

ఆ పిల్ల వెళ్లాక నేనే చేసి చూశాను. నాలుగుసార్లు. 0.6071.

ఐదేళ్లు, అన్నా. నేను బోర్డు మీద ఆ సంఖ్య రాసి కింద రెండు గీతలు గీస్తుంటే, అరవైమంది తలలు వంచి, తప్పని తెలిసి, శ్రద్ధగా రాసుకున్నారు.

ఇంకొకటి ఉంది. దాన్ని కాగితం మీద పెట్టడానికి చేయి రావడం లేదు. ఆలేరు వచ్చి ఎదురుగా చెప్తాను.

సూర్యకళ

*

ఆలేరు,
21-12-2011

చెల్లె సూర్యకళకు,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. నీ మనసు తేలికపడే కబురు ఇది.

నిన్న పొద్దున పుష్‌పుల్ రైలుకు బయలుదేరి మల్లాపూర్ వెళ్లాను. జీవన్ రూములో ఉన్నాడు. వాడితో పనిచేసే ముగ్గురు కూడా ఉన్నారు. నీ ఉత్తరం వాడి ముందు పెట్టి చదవమన్నాను. చదివాడు. "గా పోరగాండ్లతోని గిట్ల రాయించింది నువ్వేనా?" అని అడిగాను. వాడు తల ఊపాడు, అవునో కాదో నాకు తెలియలేదు. ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. కాగితం మీద రాయమన్నాను. రాయనన్నట్టు చేయి ఊపాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ ముగ్గురి ముందే చెంప మీద కొట్టాను. ఇరవై నాలుగేళ్లవాడు, నాకంటే చేయెత్తు పొడుగు, ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. "మీ మేనత్త కాళ్లు మొక్కి తప్పయిందని చెప్పు, లేకుంటే ఆలేరు రాకు," అన్నాను. వాడు కొక్కేనికి ఉన్న చొక్కా తీసి తొడుక్కుని డ్యూటీకి పోయాడు.

ఈ ఆదివారం నీ ఇంటికి వస్తే లోపలికి రానివ్వు. ఎంతైనా మన పిల్లాడు. నాలుగు చివాట్లు పెట్టి అన్నం పెట్టు.

మల్లవ్వ నిన్నటి నుంచి నాతో మాట్లాడడం లేదు. నాకు వినపడదు కనుక పెద్ద తేడా లేదు.

నీ అన్న
బుచ్చిరాములు

*

నాచారం,
2011 డిసెంబరు 25

అన్నా,

వాడిని ఎందుకు కొట్టావు?

నా ఉత్తరం, నీ ఉత్తరం దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. ఎదురుగా చెప్తానన్నది ఇక ఆపలేను. ఆమని చెప్పిన ఆ ఒకాయన మన జీవన్.

ఆ రోజే పాత రిజిస్టర్లు తీయించాను. 2007 మేలో నా పేపరు ఫెయిల్. నవంబరు సప్లిమెంటరీలో ఫెయిల్. 2008 మేలో మళ్లీ ఫెయిల్. మూడుసార్లూ ఏడెనిమిది మార్కుల్లో పోయింది. ఆ ఒక్క లెక్కకే పదహారు మార్కులు. పేపర్ల మీద పేరుండదు అన్నా, కోడ్ నంబరే ఉంటుంది, నేను దిద్దుతున్నది వాడిదని నాకు తెలియదు. కానీ ఆ మూడుసార్లూ సరైన జవాబు మీద ఇంటూ కొట్టింది ఈ చెయ్యే. క్లాసంతా డిగ్రీల్లోకి మారిపోయింది. వాడికీ తెలుసు, మీట ఒక్కటి మారిస్తే పాసవుతానని. మార్చలేదు.

ఇప్పుడు అసలు మాట. వాడు నాకు చెప్పాడు.

2007 జూన్‌లో, ఫలితాలు వచ్చిన వారానికి, సాయంత్రం వానలో తడిసి మా ఇంటికి వచ్చాడు. నేను చపాతీలు ఒత్తుతున్నాను. సంచీలోంచి పుస్తకం, క్యాలిక్యులేటర్ తీశాడు. "అత్తా, జర గా కాస్ లెక్క ఒక్కసారి సూస్తవా?" అన్నాడు.

నేను తలెత్తలేదు. "ఇంట్లో మార్కుల మాట ఎత్తితే ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు," అన్నాను.

"మార్కుల కోసం కాదత్తా."

"మరి దేనికోసం? ఫెయిలైనవాడు అత్త ఇంటికి పుస్తకం పట్టుకుని ఎందుకొస్తాడు?"

పుస్తకం మళ్లీ సంచీలో పెట్టుకున్నాడు. చపాతీ తిని వెళ్లమంటే ఆకలి లేదన్నాడు.

నేను అంతటితో ఆగలేదు. ఆ మర్నాడే నీకు ఉత్తరం రాశాను. 'మీవాడు మార్కులు అడగడానికి వచ్చాడు, గట్టిగా చెప్పి పంపాను' అని. అలా రాస్తున్నప్పుడు నాకు ఎంతో గొప్పగా అనిపించింది అన్నా.

ఈరోజు ఆదివారం. పొద్దుటి నుంచి తలుపు తీసే ఉంచాను. వాడు రాలేదు. రాకూడదు కూడా. నువ్వు నన్ను ఏమన్నా అను.

సూర్యకళ

*

ఆలేరు,
30-1-2012

సూర్యకళకు,

నెల దాటింది. నాలుగుసార్లు కాగితం తీసి పెట్టేశాను. నువ్వు సంక్రాంతి ముందు ఆలేరు వస్తానని కబురు పంపితే వద్దని చెప్పించింది నేనే. ఇప్పటికీ రావద్దు.

నీ 2007 ఉత్తరం నాకు గుర్తుంది. దాన్ని వాడి ముందు పెట్టి పైకి చదివాను. అప్పటికి నాకు చెవులు పోయి ఏడాది. వాడు ఏం చెప్పినా నోటుబుక్కులో రాసి చూపించేవాడు. ఆ రోజు రాసింది ఇంత: 'అత్త అబద్ధం చెప్తలేదు. ఆమెకు తెల్వదు.' నాకు అర్థం కాలేదు. 'పెద్ద చదువు చదివినామెకు తెల్వదు, నీకు తెలుసా' అని ఆ కాగితం చింపేశాను. ఆ తర్వాత వాడు నా నోటుబుక్కులో రాయడమే మానేశాడు. అన్నం తిన్నవా, పోయొస్త, గవే మాటలు సైగలతో. వాడికి సిగ్గు అనుకున్నాను. నాలుగేళ్లు అలాగే అనుకున్నాను.

2008లో వాడిని కాలేజీ మాన్పించి, నాకు తెలిసిన సూపర్‌వైజర్ దగ్గరికి తీసుకుపోయి మిషను మీద నిలబెట్టింది నేను. 'చదువు నీకు రాదు' అని అక్కడ పదిమందిలో అన్నది నేను. ఇప్పుడు కొట్టింది నేను. నీకేం శిక్ష వేయాలో ఆలోచించే హక్కు నాకు లేదు.

ఒక్కటి అడుగుతాను. షాపులో డై, అదే రేకును కొట్టే అచ్చు, ఒక వెంట్రుకంత జరిగిందనుకో. ఆ రోజు కొట్టిన రేకులన్నీ తప్పే. చేతికి దొరికిన ఒక్క రేకు చూసి ఏడుస్తూ కూర్చుంటే ఫోర్‌మన్ ఊరుకుంటాడా? లాటు మొత్తం ఎక్కడెక్కడికి పోయిందో పట్టుకుని వెనక్కి తెప్పిస్తాడు. నువ్వు మా వాడి సంగతి రాశావు. ఐదేళ్లలో ఇంకెంతమంది? వాళ్ల పేర్లు నీకు తెలుసా?

దీనికి జవాబుంటే రాయి. లేకపోతే రాయకు.

బుచ్చిరాములు

*

నాచారం,
2012 ఫిబ్రవరి 19

అన్నా,

తొమ్మిదిమంది. జీవన్‌తో కలిపి పది.

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి సాయంత్రాలు రిజిస్టర్ల గదిలోనే కూర్చున్నాను. నా పేపరులో పదహారు మార్కుల లోపు తేడాతో పోయి, తర్వాత చదువు మానేసినవాళ్లు, లేదా ఏడాది నష్టపోయినవాళ్లు. ఆ లెక్క వల్లే పోయారని అందరి విషయంలో చెప్పలేను. జవాబు పత్రాలు రెండేళ్లకు తూకానికి వేసేస్తారు. కానీ కాదని కూడా చెప్పలేను.

కామరాజు సార్‌కు నోట్సు, పాత ఆన్సర్ కీలు చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "నేను కూడా రెండేళ్లు ఈ నోట్సే జిరాక్సు తీయించి ఇచ్చానమ్మా," అన్నారు. తర్వాత, "మార్చిలో తనిఖీ కమిటీ వస్తోంది. ఇప్పుడెందుకు తవ్వుకోవడం? నోట్సు దిద్దేసి ఊరుకో," అన్నారు. చెడ్డమనిషి కాదు. భయపడ్డారు.

యూనివర్సిటీకి లేఖ ఇచ్చేశాను. పది పేర్లూ రాసి, కింద సంతకం చేసి.

తర్వాత క్లాసులో చెప్పాను. బోర్డు మీద రెండు జవాబులూ రాసి, ఇది నాది, ఇది నిజమైనది అన్నాను. ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. దాన్ని మించిన దెబ్బ నాకు ఇంకొకటి తగల్లేదు. ఒకబ్బాయి లేచి, "అయితే మా మిడ్ మార్కులు మారతయా మేడం?" అని అడిగాడు. తగ్గవని చెప్పాక కూర్చున్నాడు.

పదిమందికీ ఉత్తరాలు రాశాను. జీవన్‌కు రాసింది నాలుగు లైన్లే. జవాబు రాలేదు.

సూర్యకళ

*

నాచారం,
2012 జూన్ 17

అన్నకూ వదినకూ నమస్కారాలు.

ఫిబ్రవరి తర్వాత నువ్వు రాయలేదు. నేను కూడా ఏదో ఒకటి తేలేదాకా రాయకూడదనుకున్నాను. ఇప్పుడు తేలింది.

పాత పేపర్లు లేవు కనుక మార్కులు కలపలేమన్నారు. దానికి బదులు పదిమందికీ మేలో ఒక ప్రత్యేక పరీక్ష పెట్టారు. పేపరు బయటి వాళ్లు ఇచ్చారు, బయటి వాళ్లే దిద్దారు. నన్ను మూడేళ్లు పరీక్షల పని నుంచి తప్పించారు, రావలసిన ప్రమోషన్ ఆపారు. అది చెప్పుకుని బాధపడటానికి రాయడం లేదు, జరిగింది కనుక రాస్తున్నాను.

నా ఉత్తరాల్లో మూడు తిరిగి వచ్చాయి. అప్పుడు నేనే ఇళ్లు వెతుక్కుంటూ తిరిగాను. కాప్రాలో ఒక ఇంటివాళ్లు తలుపు తీసి, పేరు విని, వేసేశారు. సంతోషి అనే అమ్మాయి ఉప్పల్‌లో బట్టల షాపులో బిల్లింగ్ దగ్గర దొరికింది. రింగ్ రోడ్డు దగ్గర మెట్రో కోసం తవ్విపెట్టారు, ఆ దుమ్ములో షాపు గుర్తుపట్టలేక రెండుసార్లు దాటిపోయాను. నేను చెప్పేదంతా బిల్లులు కొడుతూనే వింది. ఆఖరికి చేతులు ఆపి, "నేను మొద్దుదాన్ననుకున్న మేడం, ఇన్నేండ్లు. మా ఇంట్ల గూడ గదే అనుకున్నరు," అంది. వెనక కస్టమర్లు నిలబడితే మళ్లీ పనిలో పడింది. ఆ అమ్మాయి పరీక్ష రాసింది. పాసైంది.

జీవన్ కోసం ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను. షిఫ్టు మారే టైము. నన్ను చూసి ఆగాడు. సన్నబడ్డాడు, చేతులకు ఆయిలు. పరీక్ష కాగితం అందించాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "జీవన్, నాతో ఒకసారి..." అన్నాను. "డ్యూటీల ఉన్న అత్తా," అని లోపలికి వెళ్లిపోయాడు. కోపంగా అనలేదు. అలా అన్నా బాగుండేది.

పరీక్షకు వచ్చాడు. నన్ను ఆ బిల్డింగు వైపు రానివ్వలేదు కనుక చూడలేదు, హాజరు పట్టికలో సంతకం చూశాను. నిన్న ఫలితాలు వచ్చాయి. డెబ్భైకి అరవై ఒకటి.

ఆ కాగితం పట్టుకుని పరిగెత్తినట్టు అడ్మిషన్ల ఆఫీసుకు వెళ్లాను, మూడో సంవత్సరంలో మళ్లీ ఎలా చేర్చాలో అడగడానికి. అక్కడి క్లర్కు వాడి పాత నంబరు చూశాడు. చేరిన ఎనిమిదేళ్లలో చదువు పూర్తి చేయాలట. వాడు 2005లో చేరాడు. గడువు 2013. నాలుగేళ్ల ఇంజనీరింగ్‌లో ఇంకా రెండేళ్ల చదువుంది. "ఒక్క సంవత్సరం తక్కువైంది మేడం," అన్నాడు మామూలుగా. సంతోషి ఏడాది వెనక చేరింది కనుక సరిపోయింది.

మినహాయింపు కోసం మళ్లీ అర్జీ పెట్టాను. ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పారు. పరీక్ష రాయమని కాగితం ఇచ్చింది నేను. దానివల్ల లాభం లేదని వాడికి ఎలా చెప్పాలో తెలియడం లేదు అన్నా.

సూర్యకళ

*

ఆలేరు,
9-7-2012

చెల్లె సూర్యకళకు,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. మొదటి వానలకు పత్తి గింజలు పెట్టాం, తర్వాత చుక్క లేదు. అదొక తిప్పలు.

నిన్న జీవన్ వచ్చాడు. డిసెంబరు తర్వాత ఇదే రావడం. నేను గడప మీద కూర్చుని ఉన్నాను. పక్కనుంచి లోపలికి పోయి తల్లి దగ్గర కూర్చున్నాడు. నేను లేచి వెళ్లి, నీ ఉత్తరం వాడికి ఇచ్చాను, గడువు సంగతి ఉన్న పేజీ. నా నోటితో చెప్పలేక.

చదివి తల్లితో ఏదో అన్నాడు. మల్లవ్వ నా వైపు తిరిగి, పెదాలు కనపడేలా మెల్లగా చెప్పింది. వాడికి తెలుసట. నువ్వు గేటు దగ్గర కాగితం ఇచ్చిన మర్నాడే పోయి ఆఫీసులో అడిగి తెలుసుకున్నాడట. పాసైనా చేర్చుకోరని తెలిసే రాశాడట.

మల్లవ్వే అడిగింది, "మరెందుకు రాసినవ్ కొడుకా?" అని. వాడు చెప్పింది ఆమె మళ్లీ నాకు చెప్పింది. "గా జవాబుకు ఒక్కసారన్న మార్కులు వడాలె గదనే."

చెల్లే, నేను ముప్పై ఏళ్లు కొలత కొలత అని బతికాను. నా ఇంట్లో నాకంటే గట్టి మనిషి ఉన్నాడని నాకు తెలియదు.

అప్పుడు నేను వాడి ముందు కూర్చున్నాను. కొట్టినదానికి, కాగితం చింపినదానికి, మిషను దగ్గర పదిమందిలో అన్నదానికి, తప్పయిందిరా అన్నాను. నా గొంతు నాకు వినపడదు కనుక ఎంత గట్టిగా అన్నానో తెలియదు. వాకిట్లో పోయేవాళ్లు ఆగి చూశారు. వాడు నా ముఖంలోకి చూస్తూ మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. నాలుగేళ్లలో నాతో అన్ని మాటలు మాట్లాడలేదు. తల వంచుకుని మాట్లాడాడు కొంత, అక్కడ పెదాలు కూడా నాకు కనపడలేదు. నేను మధ్యలో ఆపలేదు. తల ఊపుతూ కూర్చున్నాను.

వాడు పెరట్లోకి పోయాక ఏమన్నాడని మల్లవ్వను అడిగాను. కళ్లు తుడుచుకుంటూ ఉంది. "గది నీకు జెప్పేది గాదు," అంది. మళ్లీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

సాయంత్రం అన్నం తిని బండికి పోయాడు. పోతూ పోతూ, వచ్చే ఆదివారం నీ ఇంటికి వస్తానని తల్లితో చెప్పాడట. ఎందుకో చెప్పలేదు. నిన్ను క్షమించడానికే అనుకోకు. తిట్టడానికి కూడా కావచ్చు.

ప్రత్యేకంగా ఏమీ వండకు. ఏడవకు. అర్జీ సంగతి, నీకు పడ్డ శిక్ష సంగతి ముందేసుకుని కూర్చోకు. వాడు మాట్లాడడం మొదలుపెడితే పూర్తయ్యేదాకా నోరు తెరవకు. నాకు చెవులు లేవు. నీకున్నాయి, నువ్వు విను.

నీ అన్న
బుచ్చిరాములు